మనోవ్యాధికి మందు

“మనోవ్యాధికి మందు లేదు” అని తెలుగువారు ఎన్ని తరాలనుంచి అనుకుంటున్నారో చెప్పడం కష్టం. కూతురి పెళ్ళి కుదరక తండ్రి దిగులుపడినా, దూరదేశాన ఉన్న కొడుకు మాట వినక తల్లి తిండి మానినా ఇరుగుపొరుగులు ఈ మాటే అంటారు. మొదట అన్నవాని ఉద్దేశం తప్పు కాదు. దుఃఖానికి ఆకూ పసరూ పనిచేయవనీ, కాలమే దాన్ని మాన్పవలసి ఉంటుందనీ ఆయన భావం కాబోలు. కాని సామెతలు పుట్టినచోటనే కూర్చుండేవి కావు. నిజంగా మనస్సు జబ్బుపడిన పిల్లవాణ్ణి పక్కన పెట్టుకున్న తల్లి చెవిని పడేసరికి ఈ నాలుగు మాటలూ తీర్పుగా మారిపోతాయి. మందు లేదన్న తరువాత వెదకడం దేనికి? అయినా ఆమె వెదుకుతుంది. ఆ వెదకులాట ఎంత దూరం సాగుతుందో, ఎక్కడెక్కడ ఆగిపోతుందో పాఠశాలలో పనిచేసేవారు తెలుసుకోవలసి ఉన్నది. ఎందుకంటే ఆమె తొలిసారి తట్టే తలుపు తరచుగా వారిదే.

అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె అనుకుందాం. వానకు ఎదురుచూసి వేరుశనగ వేసే చిన్న సేద్యగాళ్ళ ఇల్లు. ఆ ఇంట తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు. ఈ తల్లీ కొడుకులు ఊహలోనివారు. వారు తొక్కే మెట్లు మాత్రం ఊహలోనివి కావు. మానసిక వైద్యుల గది ముందు బల్లమీద కూర్చున్న తల్లులలో ఎవరిని కదిపినా ఇవే మెట్లను ఇంచుమించు ఇదే వరుసలో చెబుతారు.

మొదట నిద్ర పోయింది. నాలుగు రోజులు, పది రోజులు. కుర్రవాడు తెల్లవార్లూ నడవాలో తిరుగుతూనే ఉన్నాడు. తరువాత నోటుపుస్తకంలో అక్షరాలు గీత విడిచి కిందికి జారసాగాయి. స్నేహితులు పిలవడానికి వస్తే తలుపు వేసుకున్నాడు. వారంతా కూడి తనను గురించే మాట్లాడుకుంటున్నారన్నాడు. ఒకనాడు తల్లి వడ్డించిన కంచం దూరంగా నెట్టి, “అన్నంలో ఏమి కలిపినావు?” అని అడిగాడు. ఆ ప్రశ్న విన్న తల్లికి ఇక ఏ వైద్యగ్రంథమూ చెప్పవలసింది లేదు. జబ్బు పేరు ఆమెకు తెలియదు, నిజమే. తన బిడ్డ చూపు తన బిడ్డది కాదని తెలిసిపోయింది. ఏ వైద్యుడూ ఇంకా చూడని దానిని ఆమె చూసింది.

ఆమె బడికి వెళ్ళింది. “రాత్రుళ్ళు నిద్ర పోడు సార్. గోడకల్లా చూసి నవ్వుతాడు” అని చెప్పుకున్నది. మాష్టారు చెడ్డవాడు కాదు. ఎదుట అరవైమంది పిల్లలు. వెనుక పూర్తికావలసిన పాఠాలు. “వయసు వచ్చిందిలేమ్మా, పదో తరగతికొస్తే వాడే దారిలో పడతాడు. నువ్వు కొంచెం గారాబం తగ్గించు” అన్నాడు. ఉపాధ్యాయ శిక్షణలో మనోవిజ్ఞానశాస్త్రం ఒక పాఠ్యాంశం. పియాజే చెప్పిన దశలు వరుస తప్పకుండా వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవారికి మన బడులలో కొదవ లేదు. ఎదురుగా నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న తల్లికి ఏమి చెప్పాలో మాత్రం ఆ పరీక్షలో ఎవరూ అడగలేదు.

“గారాబం తగ్గించు” అన్న మాట ఆమె వెంట ఇంటికి వచ్చింది.

ఇక ఊరివారు ఊరుకుంటారా? అమ్మమ్మ దిష్టి తీసింది. పొరుగింటావిడ గాలి సోకిందన్నది. చేతబడి అన్నవారూ ఉన్నారు; ఆ మాటతో ఎప్పుడో గట్టు తగాదా పడిన దాయాదుల ఇంటిమీద కూడ ఒక నీడ పడింది. తాయెత్తు కట్టించారు. గుడిలో మండలం రోజులు నిద్ర చేయించారు. చదువుకున్నవారు దీనిని చూచి నవ్వుతారు. నవ్వడానికి ముందు ఒక సంగతి ఆలోచించవలసి ఉన్నది: ఆ పల్లెకు అందుబాటులో, ఏ ప్రశ్నా వేయకుండా, ఏ చీటీ అడగకుండా, తల్లినీ బిడ్డనూ కలిపి రాత్రి పడుకోనిచ్చిన చోటు ఆ గుడి ఒక్కటే. అట్టి చోట్లలో ఘోరాలూ జరిగాయి. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గాను ఆశ్రయించి వెలసిన పాకలలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున నిప్పు రాజుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేయబడి ఉన్న రోగులు కదలలేక పాతికమందికి పైగా కాలిపోయారు. వారిని అక్కడ విడిచినవారంతా కసాయివారని అనుకోవడం సులభం. చాలామంది చేతిలో డబ్బూ, కాలిలో సత్తువా, ఎదుట దారీ లేక విడిచినవారు. గొలుసు వేయడాన్ని నేటి చట్టం స్పష్టంగా నిషేధించింది. గొలుసు వేసిన చేతికి మరో దారి చూపడం మాత్రం చట్టం ఒక్కదానివల్ల అయ్యే పని కాదు.

ఆ తరువాత ఊరి వైద్యుడు బలానికి సూది వేశాడు. పట్నంలో “నరాల డాక్టరు” వద్దకు వెళ్ళారు. ఈ “నరాలు” అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. తెలుగు కుటుంబాలలో మనస్సు జబ్బును గౌరవంగా చెప్పుకోవడానికి దొరికిన పేరు నరాల బలహీనత. ఆ పేరు చెబితే సంబంధాలు తప్పిపోవు, అద్దె ఇల్లు ఖాళీ చేయమనరు. అందుచేత మానసిక వైద్యుడు రెండు వీధుల అవతల ఉన్నా తల్లిదండ్రులు ముందు నరాల వైద్యుని మెట్లెక్కుతారు. ఆయన పరీక్షలు చేయించి, నరాలలో దోషమేమీ లేదనీ, ఫలానా డాక్టరు వద్దకు వెళ్ళమనీ చీటీ వ్రాస్తాడు. ఆ చీటీ చాలాసార్లు చొక్కా జేబులోనే నలిగిపోతుంది.

ఎందుకు నలగదు? మన భాషలో ఆ ఆసుపత్రుల పేర్లు ఏమయ్యాయో చూడండి. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉండిన మానసిక చికిత్సాలయం 1953లో హైదరాబాదు చేరి ఎర్రగడ్డలో స్థిరపడింది. అది మొదలు “ఎర్రగడ్డ” ఊరి పేరు కాకుండా పోయింది. సినిమా హాస్యానికీ, తరగతిగదిలో ఎగతాళికీ పనికివచ్చే తిట్టు అయింది. విశాఖపట్నంవారికి చినవాల్తేరు, మదరాసువారికి కీళ్పాకం, హిందీవారికి ఆగ్రా, రాంచీ. ఇందులో ఏ భాషవారూ ఎవరికీ తీసిపోలేదు. కంటి ఆసుపత్రి ఉన్న ఊరి పేరు ఎక్కడా తిట్టు కాలేదు. పిల్లలు ఈ తిట్టును ఇంట్లో కన్న బడిలోనే ఎక్కువగా నేర్చుకుంటారు. రేపు తన తమ్ముణ్ణి తీసుకొని అదే గుమ్మం ఎక్కవలసి వచ్చినవాడు, నిన్న తాను నవ్విన నవ్వు చెవిలో మోగుతుండగా ఎక్కవలసి వస్తుంది.

జబ్బుపడినది ఆడపిల్ల అయితే కథ ఇంకొక మలుపు తిరుగుతుంది. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు అన్న సామెతను వేళాకోళానికి వాడతారుగాని, అందులో నిజంగా చిక్కుకున్న తల్లులు ఉన్నారు. బయటకు పొక్కితే పెళ్ళి కాదని దాస్తారు. పెళ్ళి అయితే సర్దుకుంటుందని త్వరపడతారు. దాచడంలో వైద్యం ఆగుతుంది, త్వరపడడంలో చదువు ఆగుతుంది. మగపిల్లవాడు వీధినపడి అల్లరి చేసినప్పుడైనా జబ్బు బయటపడుతుంది. ఆడపిల్ల మూలకు చేరి మాట మానివేస్తే “బుద్ధిమంతురాలయింది” అని మెచ్చుకొనే ఇళ్ళు కూడ ఉన్నవి.

ఇదంతా ఒక పల్లెకో, ఒక జిల్లాకో పరిమితమైన సంగతి కాదు. బెంగుళూరులోని నింహాన్స్ సంస్థ ఆధ్వర్యాన 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పన్నెండు రాష్ట్రాలలో ఇల్లిల్లూ తిరిగి అడిగారు. ఆ పన్నెండింటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవన్నది వేరే సంగతి. పదమూడు మొదలు పదిహేడేళ్ళ లోపు పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని ఆ సర్వే తేల్చింది. అరవైమంది కూర్చున్న తరగతిలో ఆ లెక్కన నలుగురు. అన్ని వయస్సులవారినీ కలిపి చూస్తే, వైద్యం అవసరమై కూడ అందనివారు జబ్బునుబట్టి నూటికి డెబ్భై మొదలు తొంభై రెండు వరకు ఉన్నారు. మనస్సుకు వచ్చే జబ్బులలో సగం పద్నాలుగేళ్ళకే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే జబ్బు హైస్కూలులో మొదలై, వైద్యం, ఒకవేళ అందితే, కాలేజీ దాటిన తరువాత అందుతున్నదన్నమాట. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం కావడం మతి చలించే జబ్బులలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

వైద్యులే తక్కువ. ఈ సర్వే తరువాతి సంవత్సరాలలో వేసిన లెక్క ప్రకారం దేశంలో లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడైనా పూర్తిగా లేడు; ముక్కాలు మనిషి. ఆ ముక్కాలులో కూడ హెచ్చు భాగం నగరాలలోనే. పిల్లల మనస్సుకు ప్రత్యేకంగా వైద్యం నేర్చినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ కొరత పాలకులకు తెలియనిదీ కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే ప్రారంభమైంది. పెద్ద ఆసుపత్రికి రోగి రావడంకన్న, చిన్న ఆసుపత్రి డాక్టరుకే ఈ వైద్యం కొంత నేర్పడం మేలన్నది దానిలోని మూలసూత్రం. దానిని ఆచరణలో పరీక్షించి చూచింది, తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే బళ్ళారి జిల్లాలోనే. 1980 దశకంలో నింహాన్స్ వారు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే దొరికేటట్లు చేశారు. పని సాగింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలై క్రమంగా దేశమంతటా వ్యాపించింది. కాగితంమీద వ్యాపించినంత వేగంగా మందుల అలమారలోకి వ్యాపించిందా అంటే, ఆ అలమార ముందు నిలబడి “ఈ నెల రాలేదమ్మా” అన్న జవాబు విన్న తల్లినే అడగాలి.

మందు దొరికిన తరువాత కూడ పోరు ముగియదు. ఈ మందుల స్వభావం తెలియకపోవడంవల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. జ్వరం మాత్ర పూటలో పని చూపుతుంది. మనస్సుకు ఇచ్చే మందులలో చాలావాటికి గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. కీడు మాత్రం ముందే కనిపిస్తుంది: మత్తు, నోరెండడం, చేతి వణుకు, ఒళ్ళు రావడం. పదో రోజున తల్లి చూచేదేమిటి? నిద్ర పట్టక తిరిగిన బిడ్డ ఇప్పుడు పగలంతా తూలుతున్నాడు. “మత్తుమందు పెట్టి పడేశారు” అని బంధువులంటారు. ఆమె మాత్ర ఆపుతుంది. లేదా, మూడు నెలలకు కుర్రవాడు చక్కగా నవ్వుతూ మాట్లాడుతుంటే, నయమైంది గదా అని ఆపుతుంది. రెండు విధాలా జబ్బు తిరగబెడుతుంది. తప్పు ఆమెదని డాక్టరు విసుక్కుంటాడు. ఈ రెండు వాక్యాలూ మొదటిరోజే, ఆమెకు అర్థమయ్యే తెలుగులో, కాస్త నెమ్మదిగా ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో ఇళ్ళు మళ్ళీ కూలేవి కావు. పెద్ద ఆసుపత్రి బయటి వరుసలో ఒక్కొక్క రోగికి దక్కే కాలం కొద్ది నిమిషాలు. అందులో సగం పేరూ ఊరూ చెప్పడానికే సరిపోతుంది.

తప్పు ఆమెది అన్న ఈ మాట దగ్గర నిలవాలి. ఊరివారు గారాబమన్నారు, మాష్టారు గారాబమన్నారు, అత్తగారు పెంపకమన్నారు. ఇది మన పల్లెలకు మాత్రమే చెందిన అజ్ఞానమని అనుకోనక్కరలేదు. గొప్ప గొప్ప వైద్యులే ఈ మాటను శాస్త్రంగా వ్రాసిన కాలమొకటి ఉన్నది. ఆటిజం అన్నది మెదడు ఎదుగుదలలోని తేడా. దానిని 1943లో స్పష్టంగా వర్ణించినవాడు అమెరికాలో పనిచేసిన లియో కానర్. ఆయనే కొన్నేళ్ళకు, ఇట్టి పిల్లల తల్లిదండ్రులు మంచుపెట్టె వంటి చల్లని మనుషులని వ్రాశాడు. 1948లో ఫ్రీడా ఫ్రోమ్ రైక్‌మన్ అనే వైద్యురాలు, మతిభ్రమకు బీజం తల్లి ప్రవర్తనలో ఉండవచ్చునన్నది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ గ్రంథం తల్లులమీద ఈ నేరాన్ని మరింత గట్టిగా మోపి బహుళ ప్రచారం పొందింది. ఒక తరం తల్లులు తమ బిడ్డ వైద్యంకోసం వెళ్ళి ముద్దాయిలుగా తిరిగి వచ్చారు.

ఆ నేరాన్ని కొట్టివేయించడానికి పూనుకున్నవాడు ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్‌లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు. ఆయన కుమారునికి ఆటిజం. భార్య ఎటువంటి తల్లియో ఆయన కళ్ళారా చూచినవాడు. దొరికిన పరిశోధనలన్నీ చదివి, ఈ స్థితికి మూలం పెంపకంలో కాదు, శరీర నిర్మాణంలో ఉన్నదని 1964లో గ్రంథం ప్రకటించాడు. మరుసటి సంవత్సరమే తల్లిదండ్రులు కూడి సంఘం పెట్టుకున్నారు. 1969లో ఆ సంఘం సభకు వచ్చి, తల్లిదండ్రులారా, మిమ్మల్ని నిర్దోషులుగా విడిచిపెడుతున్నానని చెప్పినవాడు మరెవరో కాదు, లియో కానరే. పండితుడు తన మాట తాను వెనక్కు తీసుకోవడం అరుదు. అందుకే ఈ సంఘటన గుర్తుంచుకోదగినది. మన పల్లెలోని తల్లికి ఆ తీర్పు నకలు ఇంకా అందలేదు.

విచిత్రమేమంటే, పడమటి దేశాలలో తల్లిని బోనెక్కించిన ఆ కాలంలోనే, మన దేశంలో ఒక వైద్యుడు ఆమెను ఆసుపత్రి లోపలికి పిలిచాడు. దేశవిభజన తరువాత లాహోరు ఆసుపత్రిలోని రోగులను కూడ రెండు దేశాలు పంచుకున్నాయి. ఇటు వచ్చినవారికి ఆశ్రయమైనది అమృతసర్ మానసిక చికిత్సాలయం. 1950 దశకంలో అక్కడ అధికారిగా ఉన్నవాడు డాక్టర్ విద్యాసాగర్. గదులు కిటకిటలాడుతున్నాయి, పనివారు చాలరు. ఆయన సైన్యంవారి గుడారాలు తెప్పించి ఆవరణలో వేయించాడు. రోగితోపాటు ఇంటివారు కూడ వచ్చి ఆ గుడారాలలో ఉండాలన్నాడు. అప్పటి పద్ధతినిబట్టి ఇది వింత. అప్పుడు అమలులో ఉన్నది 1912నాటి లూనసీ చట్టం. దాని ప్రకారం, తన మేలు తాను కోరుకోలేని రోగిని చేర్చాలంటే బంధువు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి; ఉత్తర్వు వస్తే రోగి గోడ లోపలికి, బంధువు గోడ బయటికి. అనేకులకు ఆ వీడ్కోలు చివరిదయ్యేది.

గుడారాలలో జరిగినదేమిటి? తల్లి బిడ్డకు తన చేతితో అన్నం పెట్టింది. మాత్ర ఎప్పుడు, ఎందుకు వేయాలో రోజూ చూచి నేర్చుకున్నది. పక్క గుడారంలో అటువంటి మరొక బిడ్డ, మరొక తల్లి. సాయంకాలం డాక్టరు అందరినీ కూర్చోబెట్టి జబ్బును గురించి, బ్రతుకును గురించి మాట్లాడేవాడు. రోగులు త్వరగా కోలుకున్నారు. అంతకన్న ముఖ్యంగా, వారిని ఇళ్ళకు తీసుకుపోయారు. జబ్బు తగ్గడం కళ్ళారా చూచినవారు తమ మనిషిని విడిచిపెట్టలేకపోయారు. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు బాగాయంలో నెలకొల్పిన మానసిక చికిత్సా కేంద్రం కూడ ఇంటిమనిషి రోగి వెంట ఉండి తీరాలనే నియమంతోనే పెరిగింది. చిత్తూరు జిల్లావారికి అది ఇరుగుపొరుగు ఊరు. అక్కడ వంటచేసుకుంటూ నెలల తరబడి బిడ్డను కాచుకొన్న తెలుగు తల్లులు ఎందరో ఉన్నారు.

డబ్బు లేక వేసిన గుడారమే చివరకు చట్టమైంది. 1912నాటి శాసనం స్థానంలో 1987లో ఒక చట్టం, దాని స్థానంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. చివరిది 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని ఆసుపత్రిలో చేర్చడానికి అందులో వేరుగా నియమాలున్నవి. అర్జీ పెట్టవలసినది సంరక్షకులే. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, చేర్చడం తప్పనిసరి అని నిర్ణయించాలి. పెద్దల మధ్య పిల్లలను ఉంచకూడదు. చేర్చిన సంగతిని మూడు రోజులలోగా బోర్డుకు తెలియజేయాలి. అన్నింటికన్న ముఖ్యమైనది మరొకటి: పిల్లవాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సంరక్షకులు గాని, వారు నియమించిన తోడుమనిషి గాని వెంట ఉండి తీరాలి. ఆడపిల్ల అయితే, సంరక్షకుడు పురుషుడైనప్పుడు, స్త్రీ తోడుండాలి. గోడ బయట నిలబెట్టిన తల్లిని, ఇక లోపల లేకుంటే కుదరదని శాసనం పిలిచింది.

మంచిదే. అయితే లోపల ఉండే తల్లి కూలి ఎవరిస్తారు? ఇంటి దగ్గర రెండో బిడ్డకు అన్నం ఎవరు వండుతారు? శాసనానికి ఈ ప్రశ్నలు వినిపించలేదు. దేశానికి కావలసినంతమంది మానసిక వైద్య నిపుణులను, అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపోయేటట్లు, పదేళ్ళలో సమకూర్చాలని అదే చట్టం ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ పదేళ్ళ గడువు 2028 మే నెలతో తీరుతుంది. శరీరానికి వచ్చిన జబ్బులకు చేసినట్లే మనస్సుకు వచ్చిన జబ్బులకు కూడ బీమా చేయవలసినదేనని సంస్థలకు చెప్పింది. ఇది చాలామంది తండ్రులకు తెలియదు. ఉపాధ్యాయులే తమ పాలసీ కాగితాలను ఈ కంటితో ఒకసారి చదువుకొంటే బాగుండును.

ఈ మధ్య మరొక తండ్రి కోర్టు మెట్లెక్కాడు. ఆయన వంగదేశీయుడు. వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుకోవడానికి పదిహేడేళ్ళ కూతురిని విశాఖపట్నం పంపాడు. 2023 జులైలో ఆ పిల్ల అక్కడ చనిపోయింది. దర్యాప్తు సరిగా జరగలేదని తండ్రి హైకోర్టుకు వెళ్ళాడు. అక్కడ కోరినది దొరకక సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఆ కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. అంతటితో ఆగలేదు. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పి, చట్టం వచ్చేదాకా విద్యాసంస్థలన్నీ పాటించవలసిన పదిహేను ఆదేశాలు ఇచ్చింది. వందమంది, అంతకు పైబడి విద్యార్థులున్నచోట శిక్షణపొందిన సలహాదారు ఒక్కరైనా ఉండాలి. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు సెక్షన్లుగా విడదీయరాదు, పదిమందిలో అవమానించరాదు. బోధించేవారికీ, తక్కిన సిబ్బందికీ ఏడాదికి రెండుమార్లు, ఆపదలో ఉన్న విద్యార్థిని గుర్తుపట్టడంలో తరిఫీదు ఇవ్వాలి. సహాయం కోరే ఫోను నంబర్లు హాస్టలులో, తరగతిలో పెద్ద అక్షరాలతో కనబడాలి. తన కూతురికి ఇక ఏ సలహాదారూ అక్కరలేని ఒక తండ్రి, ఇతరుల పిల్లలకు సంపాదించి పెట్టిన ఆదేశాలివి. “మొదటి సెక్షను”, “చివరి సెక్షను” అని బల్లలు విడదీసి గర్వపడే సంస్థలు మన జిల్లాలలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఆ ఫోను నంబరు ఇక్కడ వ్రాయడం అవసరం. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 అనే నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. విద్యార్థి తానే పిలవవచ్చు; తల్లీ పిలవవచ్చు, మాష్టారూ పిలవవచ్చు. ఫోను వైద్యుడు కాలేదు. కాని ఏ ఊళ్ళో ఏ వైద్యుడున్నాడో తెలియక నలిగిపోయే నెలలలో కొన్నింటిని అది మిగల్చగలదు.

మళ్ళీ మన అనంతపురం పల్లెకు వద్దాం. అక్కడి మాష్టారు రెండోసారి ఆ తల్లిని చూచినప్పుడు గారాబం మాట ఎత్తలేదనుకుందాం. కుర్రవాని నోటుపుస్తకం ముందుపెట్టి, జూన్‌లో వ్రాసిన పేజీనీ అక్టోబరులో వ్రాసిన పేజీనీ పక్కపక్కన చూపాడు. “నువ్వు చెప్పింది నిజమేనమ్మా. ఇది వాడి తప్పు కాదు, నీ తప్పూ కాదు. జిల్లా ఆసుపత్రిలో దీనికి డాక్టరు ఉండాడు, ఈ పుస్తకం తీసుకొని పో, ఆయనకు చూపించు” అన్నాడు. ఇంతకన్న ఆయన చేయగలిగింది లేదు. జబ్బుకు పేరు పెట్టే పని ఆయనది కాదు. ఆ తల్లికి మాత్రం తాను ఒక్కతే చూచినదానిని మరొకరు చూడటం ఇదే మొదలు. నలిగిన చీటీ జేబులోనుంచి బయటికి వచ్చింది.

కుర్రవాడు ఒక ఏడు వెనుకబడి, మళ్ళీ తొమ్మిదిలోనే కూర్చున్నాడు. నెలకొకసారి తల్లి వాణ్ణి తీసుకొని తెల్లవారుజాము పల్లెవెలుగు బస్సులో పట్నం వెళుతుంది, మాత్రలకోసం. ఆ రోజు హాజరుపట్టీలో వాని పేరుకెదురుగా మాష్టారు “సెలవు, ఆసుపత్రి” అని వ్రాస్తాడు, కామెర్లు వచ్చిన పిల్లవానికి వ్రాసినట్లే.